రోజుకు ఒక్క చోటు: అరవై దాటిన ఆలుమగలు పాలమూరు, నల్లగొండ చుట్టివచ్చే పద్ధతి

పెద్దవయసు ఆలుమగలు సంబరంగా బయలుదేరి, సాయంత్రానికి కాళ్లు వాచి, ఒకరి మీద ఒకరు విసుక్కుంటూ ఇల్లు చేరారంటే కారణం ఎక్కువగా ఒకటే. ఒక్కరోజులో మూడు గుళ్లు, ఒక డ్యాము, దారిలో చుట్టాలిల్లు పెట్టుకుని ఉంటారు. పిల్లలు కారులో తీసుకుపోయినప్పుడు ఈ తప్పు ఇంకా ఎక్కువ జరుగుతుంది. వాళ్లకు ఉన్నది ఒక్క ఆదివారం, అన్నీ చూపించాలన్న ప్రేమ. రోజుకు ఒక్క చోటు చాలు. పొద్దున చల్లపూట అక్కడికి చేరాలి, నిమ్మళంగా చూడాలి, ఎండ ముదిరేసరికి నీడపట్టున కూర్చోవాలి. కింద చెప్పే లెక్కలన్నీ ఈ ఒక్క నియమం చుట్టూ తిరుగుతాయి.

ముందు ఇంట్లో కొలుచుకోండి

ఏ ఊరికి పోవాలో తేల్చుకునే ముందు మూడు సంగతులు తెలుసుకోవాలి. ఆగకుండా ఎన్ని నిమిషాలు నడవగలరు? చేతిపట్టు ఉన్న మెట్లు ఎన్ని ఎక్కి దిగగలరు? మూత్రానికి పోకుండా ఎంతసేపు ఉండగలరు? ఇద్దరూ విడివిడిగా ఒక వారం చూసుకుని కాగితం మీద రాసుకోండి. ప్రతి వరుసలో తక్కువ ఉన్న అంకె ఎవరిదైతే, ప్రయాణం ఆ అంకె మీదే సాగాలి. ఆయన నలభై నిమిషాలు నడిచి, ఆమె పాతిక నిమిషాలకే కూర్చుంటే, లెక్క పాతికే.

ఆ అంకెను కూడా సగం చేయండి. ఇంటి దగ్గర నడక చదును నేల మీద, అలవాటైన చెప్పులతో, నిద్ర సరిపోయిన పొద్దున జరుగుతుంది. గుడి దగ్గర రాతి నేల, ఒట్టికాళ్లు, నాలుగు గంటలకే లేచిన ఒళ్లు. ఇంట్లో నలభై మెట్లు ఎక్కేవారికి గుట్ట మీద ఇరవై మెట్లు హాయి, నలభై కష్టం, అరవై అంటే మర్నాడంతా మంచమే. నల్లగొండ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరంలో నడుము, మోకాళ్లు బిగుసుకుపోయినవారు చాలామంది ఉన్నారు. వాళ్లకు ఎక్కడం కన్నా దిగడమే కష్టం. అందుకని మెట్లు లెక్కేసేటప్పుడు దిగే మెట్లను రెండింతలుగా వేసుకోండి.

నొప్పి ఒక్క మోకాలికే ఉంటే ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు వేయాలి. బస్సు మెట్టుకూ ఇదే వర్తిస్తుంది. చేతికర్ర నొప్పి కాలికి ఎదురు చేతిలో ఉండాలి. చాలామంది నొప్పి వైపే పట్టుకుని బరువంతా ఆ పక్కకే వేస్తారు.

ఏ నెల, ఏ వారం

కార్తీకం నుంచి మాఘం దాకా ఈ నేల నడకకు అనుకూలం. ఫాల్గుణం మధ్య నుంచి ఎండ దెబ్బ మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పాలమూరు, నల్లగొండ రెండూ కాలిపోతాయి. ఆ రెండు నెలలు తప్పని పెళ్లిళ్లకు తప్ప కదలకపోవడం మేలు. వానాకాలంలో కృష్ణకు వరద వచ్చి నాగార్జునసాగర్ గేట్లు ఎత్తితే చూడముచ్చటే. కానీ ఆ సెలవురోజుల్లో రోడ్డు మీద వాహనాలు ఇరుక్కుంటే దిగడానికి చోటు దొరకదు, మూత్రానికి అసలే దొరకదు. గేట్లు ఎత్తిన వార్త వింటే మంగళవారమో బుధవారమో పోండి.

వారం చూసుకోవడంలో స్థానిక సంగతులు కొన్ని ఉన్నాయి. కార్తీక సోమవారాలు శివాలయాలకు వద్దు. చెరువుగట్టుకు అమావాస్య వద్దు, ఆ రాత్రి జడల రామలింగేశ్వరుని గుట్టంతా జనమే. మన్యంకొండకు శనివారం వద్దు. యాదగిరిగుట్టకు ఆదివారం వద్దు. మ్యూజియంలకు సెలవు ఎక్కువగా శుక్రవారం. సాగర్ జలాశయం నడుమ దీవి మీదున్న నాగార్జునకొండ మ్యూజియం చూడాలని పోయి శుక్రవారం ఒడ్డున నిలబడి వెనుదిరిగేవారు ప్రతి ఏడూ ఉంటారు.

జాతరలకు తలుపులు వేసుకోనక్కర్లేదు. కురుమూర్తికి కార్తీకంలో పోవాలనుంటే స్వామి పాదుకలను ఊరేగించే ఉద్దాల రోజు వదిలి, తరువాత నాలుగైదు రోజులకు పోండి. అంగళ్లు, మిఠాయిలు, జాతర కళ ఇంకా ఉంటాయి, తోపులాట ఉండదు. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేళ్లకోసారి వస్తుంది. ఆ రోజుల్లో హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీద బండ్లను మళ్లిస్తారు కాబట్టి, జాతరకు పోకపోయినా సూర్యాపేట మీదుగా ప్రయాణం పెట్టుకునేవారు ముందే కనుక్కోవాలి.

కృష్ణా పుష్కరాలు మళ్లీ 2028లో. పన్నెండు రోజుల్లో మొదటి రోజు, చివరి రోజు, ఆదివారాలు తీసేసి పొద్దున ఆరులోపు స్నానం ముగించేలా చూసుకోండి. బీచుపల్లి, సోమశిల, వాడపల్లి ఘాట్లలో ఏది మీ ఇంటికి దగ్గరైతే అదే. పుణ్యం ఘాటును బట్టి మారదు, మోకాలి నొప్పి మాత్రం మారుతుంది.

బస్సు, కారు, రైలు

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఆధార్ లాంటి ఒరిజినల్ గుర్తింపు కార్డు చేతిలో ఉండాలి. జిరాక్స్, ఫోన్‌లో ఫొటో చెల్లవు. డీలక్స్, సూపర్ లగ్జరీ ఎక్కితే ఆమెకూ టికెట్ కొనాలి. సాగర్ దాటి మాచర్ల పోయే బస్సులో సరిహద్దు దాకే ఉచితం. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. ఆమె ప్రయాణం ఉచితం కదా అని కిక్కిరిసిన బస్సులో రెండు గంటలు నిలబడి పోవడం. దూరం అరవై కిలోమీటర్లు దాటితే, సీటు ఖాయంగా దొరికే బస్సుకు ఇద్దరికీ డబ్బులు పెట్టడమే తెలివైన ఖర్చు.

సీటు రెండు చక్రాల నడుమ ఉండాలి. చక్రం మీది సీటు, చివరి వరుస నడుమును విరగ్గొడతాయి. మూత్రానికి తరచూ పోయేవారు నడవా పక్కన, వాంతి తత్వం ఉన్నవారు ముందు కిటికీ పక్కన కూర్చోవాలి. బస్సు పూర్తిగా ఆగకముందే లేచి నిలబడకండి. పెద్దవాళ్లు బస్సులో పడేది ఎక్కువగా అప్పుడే. కండక్టర్‌కు ముందే చెబితే ఆపి దింపుతాడు.

తిరుగు బస్సు సంగతి దిగగానే కనుక్కోండి. చివరి బస్సును లెక్కలోకి తీసుకోకుండా దానికి ముందుదాన్నే మీ చివరి బస్సు అనుకోండి. పొద్దుగూకేలోపు ఇల్లు చేరడం మంచిది. కంటిపొర ఉన్నవారికి ఎదురు లైట్లు, గుంతల రోడ్డు కలిస్తే ఇంటి ముందే కాలు జారుతుంది.

కారు మాట్లాడుకునేటప్పుడు కిలోమీటరు రేటు, రోజుకు కనీస కిలోమీటర్లు, డ్రైవర్ బత్తా, టోల్ ఎవరిదన్నది బయలుదేరకముందే తేల్చుకుని వాట్సాప్‌లో రాయించుకోండి. మరీ ఎత్తు బండి, మరీ కిందికున్న బండి రెండూ మోకాళ్లకు పనికిరావు. కూర్చున్నప్పుడు మోకాలు, తుంటి ఒక ఎత్తులో ఉండాలి. గంటంబావుకు ఒకసారి ఆపి ఐదు నిమిషాలు నడవాలి. నిద్ర పడుతోందని ఆపకుండా పోతే కాళ్లలో నీరు దిగుతుంది.

దూరపు యాత్రలకు రైలే మేలు. నల్లగొండ మీదుగా నారాయణాద్రి, మహబూబ్‌నగర్ మీదుగా వెంకటాద్రి తిరుపతి వైపు పోతాయి. రైల్వేలో పెద్దవాళ్ల రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది. కింది బెర్త్ కోటా మాత్రం ఉంది, మగవాళ్లకు 60, ఆడవాళ్లకు 45 నిండాలి. కిటుకు ఎక్కడుందంటే, ఆ కోటాలో ఒక టికెట్ మీద ఒకరు లేదా ఇద్దరే ఉండాలి, ఇద్దరికీ ఆ వయసు ఉండాలి. కొడుకు, కోడలు, మనుమలతో కలిపి ఒకే టికెట్ తీస్తే కోటా వర్తించదు, అవ్వకు పై బెర్త్ రావచ్చు. పెద్దవాళ్లిద్దరి టికెట్ వేరుగా తీయండి. బుకింగ్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటుంది.

సద్దిమూట, మందుల సంచి

సంచులు రెండే ఉండాలి. భుజానికి వేసుకునేది ఒకటి, చేతిదొకటి. రెండూ కలిపి నాలుగు కిలోలు దాటితే ఏదో ఒకటి తీసేయండి.

మందులు ప్రయాణం రోజులకన్నా మూడు రోజులకు ఎక్కువ తీసుకోండి. మాత్రలను డబ్బాలో కలిపేయకుండా అట్టలతోనే ఉంచితే పేరు, మోతాదు తెలుస్తాయి, దారిలో మందుల షాపులో చూపించొచ్చు. ఇద్దరి మందుల పేర్లు, వేళలు, రక్తం గ్రూపు, పిల్లల ఫోన్ నంబర్లు ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాల్లో రాసి ఇద్దరి జేబులోనూ చెరొకటి పెట్టండి. ఫోన్ ఆమె సంచిలో, ఆయన ఏమో క్యూలో తప్పిపోవడం మామూలే. అత్యవసరానికి 108, 112. పెద్దవాళ్ల సహాయానికి 14567.

ఇన్సులిన్‌ను ఆపిన కారులో వదలకండి. ఈ ఎండకు తలుపులు మూసిన కారు పొయ్యిలా మారుతుంది. వెడల్పు మూతి ఫ్లాస్క్‌లో చల్లనీళ్లలో తడిపి పిండిన గుడ్డ పెట్టి, మందును ప్లాస్టిక్ సంచిలో చుట్టి దానిలో ఉంచాలి. మంచుగడ్డకు నేరుగా తగిలితే మందు చెడుతుంది. షుగర్ మాత్ర వేసుకుని దర్శనం క్యూలో టిఫిన్ ఆలస్యం చేయడం అన్నిటికన్నా ప్రమాదం. చెమట, వణుకు, చూపు తిరగడం మొదలైతే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే తాగించి, పావుగంటకు రొట్టె ముక్క పెట్టాలి. ఆ చక్కెర పొట్లం జేబులోనే ఉండాలి.

బీపీకి నీటిమాత్ర, అంటే మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే మాత్ర, వేసుకునేవారు ప్రయాణం రోజు దాన్ని మానేస్తారు, లేదంటే నీళ్లు తాగడం మానేస్తారు. రెండూ తప్పే. మొదటిదానితో బీపీ ఎక్కుతుంది, రెండోదానితో గుడి మెట్ల మీద కళ్లు తిరుగుతాయి. ఆ మాత్రను ఇల్లు చేరాక వేసుకోవచ్చా అని డాక్టర్‌ను ముందే అడగండి. నీళ్లు గంటకు ఒక గ్లాసు చొప్పున గుక్కగుక్కగా తాగండి. మరుగుదొడ్డి కోసం ఆర్టీసీ బస్టాండు, పెద్ద పెట్రోలు బంకు, టూరిజం హోటల్ ఈ మూడింటినీ దారిలో గుర్తుపెట్టుకోండి. అవసరం రాకముందే దిగి పోయిరండి.

సద్దికి జొన్నరొట్టెను మించింది లేదు. ఇద్దరికి రోజుకు ఆరు రొట్టెలు, వంద గ్రాముల పల్లీల పొడి, ఒక డబ్బా గట్టి పెరుగు. రొట్టె పెనం మీద నుంచి తీసి వేడిగానే డబ్బాలో పెడితే ఆవిరి నీరై మధ్యాహ్నానికి జిగట పడుతుంది. గుడ్డ మీద పది నిమిషాలు ఆరబెట్టి, అప్పుడు చుట్టండి. పళ్లు లేనివారికి అదే రొట్టెను బెల్లం, నెయ్యితో నలిపి మలీద చేసి పెడితే సాయంత్రం దాకా ఆకలి తీరుస్తుంది. పులిహోరకు ఇద్దరికి పావుకిలో బియ్యం చాలు. అన్నం పూర్తిగా చల్లారాకే పులుసు కలపాలి, ఉల్లిపాయ వేయకూడదు. దద్దోజనం చలికాలంలోనే. ఎండాకాలం మధ్యాహ్నానికే పులుస్తుంది.

గుడి ఆవరణలో నడవడానికి మందపాటి నూలు మేజోళ్లు రెండు జతలు పెట్టుకోండి. పదకొండు దాటితే నల్లరాయి అరికాలిని కాలుస్తుంది. షుగర్‌తో పాదాలకు స్పర్శ తగ్గినవారికి కాలిన సంగతే తెలియదు, ఇంటికొచ్చాక బొబ్బ కనబడుతుంది. తడి రాయి మీద మాత్రం మేజోళ్లు విప్పేయాలి, జారతాయి.

మొదటి పూటకు పానగల్లు

కొత్తగా మొదలుపెట్టేవారికి పానగల్లు మంచిది. నల్లగొండ బస్టాండు నుంచి ఆటోలో పోవచ్చు, అంతా చదును నేల, పూట చాలు. ఛాయా సోమేశ్వరాలయంలో మూడు గర్భగుళ్లు ఒకే మంటపానికి ఎదురెదురుగా ఉంటాయి. ఒకదానిలో లింగం వెనుక గోడ మీద స్తంభపు నీడ పగలంతా కదలకుండా నిలుస్తుంది. నేరుగా పడే ఎండతో కాకుండా, పక్కల నుంచి పరుచుకుని వచ్చే వెలుగుతో ఏర్పడే నీడ కాబట్టి పొద్దుతో జరగదు. మబ్బు రోజు పోతే పలచగా కనబడి ఇంతేనా అనిపిస్తుంది. ఎండ ఉన్న రోజు పొద్దున తొమ్మిది, పది నడుమ పోండి. లోపలికి అడుగుపెట్టగానే చూడకుండా రెండు నిమిషాలు చీకటికి కళ్లు అలవాటు కానివ్వండి. గడప ఎత్తుగా ఉంటుంది, ఒకరు దాటాక రెండోవారికి చేయి ఇవ్వాలి.

దగ్గర్లోనే పచ్చల సోమేశ్వరాలయం, పక్కన మ్యూజియం. మొదటి గుడిలో గంట దాటితే రెండోది ఇంకో రోజుకు ఉంచుకోండి. సొంత జిల్లాలో ఉన్న గుడి ఎక్కడికీ పోదు. వెనక్కి వచ్చేటప్పుడు ఉదయసముద్రం కట్ట దగ్గర పది నిమిషాలు ఆగితే బాగుంటుంది.

అలంపురానికి రెండు పొద్దుటిపూటలు

దక్షిణ తెలంగాణలో ఒక్క చోటే చూసే ఓపిక ఉంటే అలంపురం చూడండి. తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యుల నాటి తొమ్మిది బ్రహ్మ ఆలయాలు ఏడు, ఎనిమిది శతాబ్దాలవి. పద్దెనిమిది శక్తిపీఠాల్లో ఐదోదైన జోగులాంబ ఇక్కడే ఉంది. శ్రీశైలానికి పడమటి ద్వారమని పేరు. మహబూబ్‌నగర్ నుంచి కారులో రెండున్నర గంటలు అనుకోండి. బస్సులో అయితే జాతీయ రహదారి మీద అలంపూర్ చౌరస్తాలో దిగి అక్కడి నుంచి లోపలికి పోవాలి. చౌరస్తాలో ఎండలో బస్సు కోసం నిలబడే కన్నా ఆటో మాట్లాడుకోవడం మంచిది.

ఒక్కరోజులో పోయివస్తే అలంపురం అలసటగానే గుర్తుంటుంది. మొదటి సాయంత్రం చేరి అక్కడో కర్నూలులోనో రాత్రి ఉండి, మర్నాడు పొద్దున ఏడింటికి బాలబ్రహ్మేశ్వరుని దర్శనంతో మొదలుపెట్టండి. తరువాత జోగులాంబ. ఇవి రెండూ పూజలు జరిగేవి, మధ్యాహ్నం తలుపులు వేస్తారు కాబట్టి ముందు ముగించాలి. దర్శనమయ్యాక టిఫిన్ తిని, అరగంట కూర్చుని, అప్పుడు మిగతా ఆలయాలు చూడండి.

అన్నీ ఎక్కి దిగాలనుకోవద్దు. ప్రతి గుడీ ఎత్తైన పీఠం మీద ఉంటుంది. తొమ్మిది పీఠాలు ఎక్కి దిగితే అదే ఒక గుట్ట. స్వర్గబ్రహ్మ ఒక్కదాన్ని ఎంచుకుని చుట్టూ మెల్లగా తిరగండి. వినయాదిత్యుని కాలపు కట్టడం, ద్వారపాలకులు, దిక్పాలకులు, గోడ గూళ్లలోని శివమూర్తులు చూస్తే గంట ఇట్టే గడుస్తుంది. మిగతావాటిని కింద నిలబడి శిఖరాలు పోల్చి చూడవచ్చు. ఎనిమిదింటికి ఉత్తరాది తీరున వంపు తిరిగిన శిఖరాలు ఉంటే, తారకబ్రహ్మకు మాత్రం దక్షిణాది తీరున అంతస్తుల శిఖరం. తారకబ్రహ్మ ఏదో మీరే పట్టుకోండి. మనుమలు వెంట ఉంటే వాళ్లతో పందెం వేయొచ్చు.

శ్రీశైలం జలాశయంలో మునగకుండా విప్పి తెచ్చి నిలబెట్టిన కూడవెల్లి సంగమేశ్వరాలయం ఊరి అంచున ఉంది. జనం తక్కువ, నీడ ఉంది. రెండో పొద్దుటికి దాన్ని ఉంచుకోండి. తిరుగు దారిలో గద్వాల మీదుగా వస్తే కోటలోని చెన్నకేశవుని గుడి చూసి చీర కొనుక్కోవచ్చు. గద్వాల చీరలో నూలు ఒంటిని పట్టు అంచుతో పోగుకు పోగు పెనవేస్తారు. ఆ కలిసిన గీత దగ్గర వెనుక వైపు వేలితో తడిమి, వెలుగుకు పట్టి చూడండి. గీత పొడవునా ఖాళీలు, ముడతలు లేకుంటే మంచి నేత.

సాగరం, వాడపల్లి, నల్లమల

నాగార్జునసాగర్‌కు రెండు రోజులు కావాలి. మొదటి రోజు మధ్యాహ్నానికి చేరి పడుకుని లేచి, సాయంత్రం డ్యాము వైపు. రెండో పొద్దున ఒక్కటే, బుద్ధవనం గానీ నాగార్జునకొండ గానీ. 2022లో తెరిచిన బుద్ధవనం 274 ఎకరాలు, తెలంగాణ ఒడ్డునే ఉంది. అంతా నడవలేరు, మహాస్తూపం, జాతక వనం చూస్తే సరిపోతుంది. నాగార్జునకొండకు లాంచీ ఆంధ్ర ఒడ్డున విజయపురి సౌత్ నుంచి పోతుంది. జనం సరిపడా వస్తేనే కదులుతుంది, గాలి ఎక్కువైతే ఆపేస్తారు, ఎక్కేటప్పుడు పలక ఊగుతుంది. ఈ మూడింటికీ సిద్ధపడితేనే పోండి. లాంచీ సరిపడనివారికి అనుపు మంచి బదులు. మునిగిపోయే లోయలోంచి తెచ్చిన కట్టడాలు కొన్ని అక్కడ ఒడ్డునే, చదును మీద ఉన్నాయి.

వాడపల్లి మోకాళ్లకు హాయి. కృష్ణలో మూసీ కలిసే చోట మీనాక్షి అగస్త్యేశ్వరుడు, లక్ష్మీనరసింహుడు. నరసింహుని గర్భగుడిలో రెండు దీపాల్లో ఒకటే కదులుతూ ఉండటం చూపిస్తారు, అది స్వామి ఊపిరి అని నమ్మకం. చూడాలంటే తలుపు దగ్గర తొందరపెట్టేవాళ్లు లేని వారం పోవాలి.

నల్లమలలో శ్రీశైలానికి ఉత్తర ద్వారమైన ఉమామహేశ్వరం అచ్చంపేట దగ్గర రంగాపురం గుట్ట మీద ఉంది. బండి పైదాకా పోయినా కొంత నడక, మెట్లు తప్పవు, కోతులు సంచి లాగుతాయి కాబట్టి చేతులు ఖాళీగా ఉంచుకోవాలి. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసి ఉంటుంది. శ్రీశైలం నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఆ వేళకు చిక్కితే అడవి అంచున కారులో రాత్రి గడపాలి. చైత్రపౌర్ణమికి తెరిచే సలేశ్వరం, వందల మెట్లు దిగే మల్లెలతీర్థం, భువనగిరి గుట్ట, దేవరకొండ కోట వయసులో చూడాల్సినవి. అప్పుడు చూడలేకపోతే పిల్లలను పంపి ఫోన్‌లో చూడండి. అక్కడ జారిపడితే మోసుకొచ్చే దారి లేదు.

పాతికమంది వనభోజనం

కార్తీక వనభోజనం పెద్దవాళ్ల కలయికల్లో మేలైనది, తేలిగ్గా ఆగమయ్యేదీ అదే. చెట్టుతో మొదలుపెట్టండి. ఉసిరి ఆకు సన్నం, నీడ పలచన, మధ్యాహ్నం పన్నెండుకు పాతికమందికి చాలదు. ఉసిరి కింద పూజ, చింత లేదా మామిడి కింద బంతి. రెండూ ఉన్న తోట వెతకండి. చెట్టు మీద తేనెతుట్టె ఉందేమో ఒకరోజు ముందు పోయి తలెత్తి చూడాలి. పొయ్యి పొగ తగిలితే తేనెటీగలు లేస్తాయి. పరిగెత్తలేనివాళ్ల మధ్య అది ప్రాణాంతకం. పొయ్యి చెట్టుకు దూరంగా, గాలి వాలున ఉండాలి.

పాతికమందికి ఇరవై ఐదు కుర్చీలు. జంపఖానా చాలనుకుంటారు, కిందికి కూర్చున్నాక లేపడానికి ఇద్దరు కావాలి. విస్తరి పెట్టడానికి బల్లలు లేకపోతే ఒళ్లో పళ్లెం పెట్టుకుని తినాల్సి వస్తుంది, చేయి వణికేవారికి అది చిన్నతనం.

కొలతలు పెద్దవయసు కడుపులకు సరిపోయేవి ఇవి. అన్నానికి రెండు కిలోల బియ్యం, పులిహోరకు ముప్పావు కిలో. కందిపప్పు 750 గ్రాములు. వంకాయ లేదా చిక్కుడు మూడు కిలోలు. చారుకు చింతపండు 150 గ్రాములు. పెరుగు మూడు లీటర్లు. పరమాన్నానికి అరకిలో బియ్యం, వంద గ్రాముల పెసరపప్పు, 600 గ్రాముల బెల్లం, రెండు లీటర్ల పాలు, 150 గ్రాముల నెయ్యి. పాలు విరగకుండా ఉండాలంటే బియ్యం, పప్పు పాలల్లో మెత్తగా ఉడికాక దించి, పది నిమిషాలు చల్లార్చి, వేరుగా కరిగించి వడకట్టిన బెల్లం పాకం అప్పుడు కలపాలి. తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్లు మూడు, వంటకు, కడుగుకు వంద లీటర్లు వేరే. పప్పు, కూరల్లో ఉప్పు సగమే వేసి ఉప్పు గిన్నె బల్ల మీద పెట్టండి. షుగర్ ఉన్నవారికి పరమాన్నం చిన్న గిన్నెలో, అన్నం ఒక గరిటె తగ్గించి.

భోజనం పన్నెండున్నరకు పడాలి. రెండు గంటలకు పడిందంటే షుగర్ మాత్రలు వేసుకున్నవారు పదకొండు నుంచే డీలాపడి ఉంటారు. ఆలస్యం ఎప్పుడూ ఒకచోటే పుడుతుంది. అన్నీ అక్కడే వండాలనుకోవడం, గరిటో అగ్గిపెట్టో మర్చిపోవడం. పులిహోర పులుసు, ఉడికిన పప్పు, తరిగిన కూరగాయలు ఇళ్ల నుంచే రావాలి. తోటలో అన్నం, కూర, పరమాన్నం మాత్రమే. బంతికి పావుగంట ముందు ఒకరు గట్టిగా చెప్పాలి, మాత్రలు వేసుకోమని. డబ్బులు ముందు రోజే వసూలు చేసి ఖర్చు కాగితం అక్కడే చదివి వినిపిస్తే మరుసటేడు పిలుపుకు అందరూ వస్తారు.

తిన్నాక గంట ఖాళీగా ఉంచండి. ఆ గంటలోనే అసలు ముచ్చట్లు నడుస్తాయి. మైకు పెట్టి కార్యక్రమాలు నింపితే చెవి మిషన్ పెట్టుకున్నవారికి గోల తప్ప మాట వినబడదు. పద్యమో బతుకమ్మ పాటో వచ్చినవారు కూర్చున్నచోటే ఎత్తుకుంటారు.

పెళ్లిళ్లు, పండుగలు

పెళ్లి దావత్‌కు ఇద్దరిలో ఓపిక ఉన్నది ఎవరికో చూసి ముహూర్తమో రాత్రి విందో ఒక్కటే ఎంచుకోండి. మొదటి బంతిలో తినండి. చదివింపులు రాయించి, అక్షింతలు వేసి, వియ్యాలవారిని పలకరించి రెండు గంటల్లో లేవండి. ముందే ఫోన్ చేసి, అక్కా, ముహూర్తానికే వస్తాం, రాత్రికి ఉండలేం అని చెబితే ఎవరూ నొచ్చుకోరు.

బతుకమ్మ పెద్దగా పేర్చినా మోసేది కోడలో మనుమరాలో కావాలి. చెరువు మెట్లు పాకుడు పట్టి ఉంటాయి. ఆమె గట్టు మీదే ఆగి, ఆయన టార్చితో పక్కన ఉండాలి.

షష్టిపూర్తి పుట్టిన తెలుగు సంవత్సరం అరవై ఏళ్లకు మళ్లీ వచ్చినప్పుడు చేస్తారు. 2026 ఉగాదితో మొదలైన పరాభవలో 1966-67 పరాభవలో పుట్టినవారికి వస్తుంది. వెయ్యి పున్నములు చూసినవారికి చేసే సహస్ర చంద్రదర్శనం లెక్క వేస్తే 80 ఏళ్ల పది నెలలకు పడుతుంది. హోమం పొగలో ఆ వయసువారిని రెండు గంటలు కూర్చోబెట్టకుండా, సంకల్పానికి ఒకసారి, పూర్ణాహుతికి ఒకసారి పీటల మీదికి పిలవమని అయ్యగారితో ముందే మాట్లాడుకోండి. పీట బదులు ఎత్తుగా కుర్చీ వేయమని కూడా అప్పుడే చెప్పాలి.

ఎక్కడికి పోయివచ్చినా మర్నాడు ఏ పనీ పెట్టుకోవద్దు. పాదాలు గోరువెచ్చని నీళ్లతో కడిగి, వేళ్ల సందులు తుడిచి, అరికాళ్లు వెలుగులో ఒకరివి ఒకరు చూడండి. బొబ్బ, పగులు ఉంటే ఆ రోజే మందు పూయాలి. సంచిలో తగ్గిన మాత్రలు, చక్కెర పొట్లం తిరిగి నింపి గోడకు తగిలించండి.